అనుమతులు సరే, ఓడలేవి?

నౌకాదళానికి ల్యాండింగ్ ప్లాట్‌ఫాం డాక్‌లు, అంటే సైనికులను, సామగ్రిని పడవలు, హెలికాప్టర్లతో తీరానికి చేర్చే పెద్ద నౌకలు సమకూర్చేందుకు రక్షణ కొనుగోళ్ల మండలి 2025 అక్టోబరులో పచ్చజెండా ఊపింది. మొత్తం రూ.79 వేల కోట్ల ప్రతిపాదనల్లో ఇదీ ఒకటి. చప్పట్లు కొట్టేవారు కాస్త ఆగాలి. ఈ తరహా నౌకలకే 2013లో టెండర్లు పిలిచారు. ఏళ్ల తరబడి నానబెట్టి 2020లో రద్దు చేశారు. మరుసటి ఏడాది సంస్థల నుంచి మళ్లీ సమాచారం కోరారు. ఇప్పుడు మళ్లీ మొదటి మెట్టు.

2004 సునామీ తర్వాత గానీ ఈ లోటు తెలిసిరాలేదు. అమెరికా 1971 నుంచి వాడిన ‘ట్రెంటన్’ నౌకను 2007లో ఆ దేశం దగ్గర కొని, జలాశ్వ అని పేరు పెట్టి విశాఖలో నిలిపారు. ఆ తరహా నౌక మనకు ఇప్పటికీ అదొక్కటే! హిందూ మహాసముద్రంలో ఆపద వస్తే ముందు స్పందించేది మనమేనని చెప్పుకొనే దేశం పరిస్థితి ఇది.

రేవు ధ్వంసమైన చోట ఈ నౌక విలువ తెలుస్తుంది. వెనుక డాక్‌లోకి నీరు వదిలి, పడవలను అక్కడి నుంచే తీరానికి పంపుతారు. పైనుంచి హెలికాప్టర్లు ఎగురుతాయి. తుపాను రాకముందే మందులు, వైద్యులు, సైనికులతో దాన్ని సముద్రంలో సిద్ధంగా ఉంచాలని కమాండర్లు చూస్తారు. ఉన్న ఒక్కటీ మరమ్మతుకు వెళ్తే? బంగాళాఖాతంలో తుపాను, గల్ఫ్‌లో యుద్ధం ఒకే వారంలో వస్తే కమాండర్ ఎవరిని వదిలేయాలి?

జలాంతర్గాములకే డబ్బు చాలడం లేదని, విమానాలు ఉన్నాయి కదా అని కొందరంటారు. 2025 ఏప్రిల్‌లో మయన్మార్ భూకంప బాధితులకు మన నౌక ఐఎన్ఎస్ ఘడియాల్ ఒక్క విడతలో 442 టన్నుల ఆహారం చేర్చింది. మన భారీ విమానం సీ-17కు అయిదారు విడతల బరువది. తీరానికే ముక్కు ఆనించే ఘడియాల్ కూడా 1997 నాటిదే.

సముద్రం లేని తెలంగాణకు ఇదెందుకు అనుకుంటే పొరపాటు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లను అడగండి. గగనతలం మూసుకుపోతే వారికి మిగిలేది సముద్రమే. 2020 మేలో మాలే నుంచి 698 మందిని కొచ్చికి చేర్చింది ఈ జలాశ్వే.

అనుమతి అంటే ఓడ కాదు. గతంలోనూ అనుమతులిచ్చారు, ఒక్క ఓడా రాలేదు. ఈసారైనా కట్టే యార్డు ఏదో, ఒప్పందం ఎప్పుడో, తొలి నౌక ఏ ఏడాది నీళ్లలోకి దిగుతుందో రక్షణ శాఖ పార్లమెంటుకు చెప్పాలి. అది చేతకాకపోతే, విశాఖ తీరంలో విన్యాసాల ఫొటోలు పంచుతూ మహాసముద్రానికి పెద్దన్నలమని చెప్పుకోవడమైనా మానాలి.