నా భుజమ్మీది శాలువాకి

మహారాజశ్రీ శాలువా గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, షెడ్డులో మెషీనూ క్షేమం. తమరి క్షేమసమాచారం బీరువా తలుపు తీసినప్పుడల్లా కలరా ఉండల వాసనతో పాటు అందుతూనే ఉంది. తమరితో కలిపి ఇప్పటికి 11 శాలువాలు. అమ్ముడైన మెషీన్లు 2. అందులో ఒకటి మా బావమరిది తీసుకున్నాడు, డబ్బులు వచ్చే సంక్రాంతికి అన్నాడు, ఏ సంక్రాంతో చెప్పలేదు. రెండోది ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు అద్దాల గదిలో పెట్టుకోవడానికి కొన్నారు. కొన్న రోజే నాకు ఇంకో శాలువా కప్పారు.

రోజుకి ఎన్ని భుజాలు ఎక్కి దిగుతారో, తమరికి నేను గుర్తుండకపోవచ్చు. మిరపకాయల ముచ్చికలు తీసే మెషీన్ వాణ్ణి. మా గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల చుట్టుపక్కల షెడ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని ఈ పని చేత్తో చేస్తారు. కేజీకి ఇంతని కూలి. సాయంత్రానికి వేళ్లు భగభగమంటాయి. మా వదిన పదేళ్లు వెళ్లింది ఆ పనికి. ఇంటికొచ్చాక పసివాణ్ణి ఎత్తుకోవాలంటే ముందు చేతులకి నూనె రాసుకుని, కడుక్కుని, మళ్లీ రాసుకుని, అప్పుడు కూడా మోచేతులతోనే ఎత్తుకునేది. అది చూసి మొదలైంది నా పిచ్చి.

చిల్లుల డబ్బా ఒకటి తిరుగుతుంటుంది. కాయ లోపల దొర్లుతుంది. దొర్లుతూ దొర్లుతూ ముచ్చిక చిల్లులోంచి బయటికి తొంగిచూస్తుంది. బయట కాచుకున్న రెండు రబ్బరు రోలర్లు దాన్ని పట్టి లాగేస్తాయి. అంతే మెషీన్. చెప్పడానికి నాలుగు ముక్కలు, చెయ్యడానికి నాలుగేళ్లు. లేత్ షాపు బాకీ, ఇంట్లో మాటలు, ఆ సంగతులు వద్దులెండి.

ఈ నాలుగు ముక్కలే సన్మానసభలో మైకు పట్టుకుని చెప్పాను. అక్కడే మునిగింది కొంప.

ఆ రోజు మే నెల మిట్టమధ్యాహ్నం. గుంటూరు ఎండ. తమరు ఊలుతో చేసినవారో, ఊలులా నటించేవారో గానీ, భుజాన పడగానే వీపంతా చెమట కాలవలు. తలమీద ఫ్యాను తిరగడం లేదు. మన దేశంలో పేటెంట్ లాంటి హక్కు కోసం మొట్టమొదట, 1856లో, దరఖాస్తు పెట్టింది కలకత్తా ఇంజనీరు జార్జ్ ఆల్ఫ్రెడ్ డిపెన్నింగ్. దేనికనుకున్నారు? పంకా లాగే యంత్రానికి! ఆ క్షణంలో ఆ పెద్దమనిషి కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. పైగా తెలివైనవాడు. పంకాతో ఆగలేదు, ఆయన పేరు మీద పేటెంట్ల పనులు చూసే సంస్థ ఈనాటికీ నడుస్తోంది. యంత్రం కనిపెట్టినవాడికంటే, కనిపెట్టినవాళ్ల కాయితాలు రాసిపెట్టేవాడికి గిరాకీ ఎక్కువని 1856లోనే పసిగట్టాడు కాబోలు. నాకు 2020 దాటినా తెలియలేదు.

సభకి విలేకరులు వచ్చారు. ఒక యూట్యూబ్ ఛానెల్ కుర్రాడొచ్చాడు. "అన్నా, పైన మూత తీస్తే లోపల బాగా కనపడిద్ది" అన్నాడు. తీశాను. "రోలర్ల మధ్య ఎంత సందన్నా?" అన్నాడు. చెప్పాను. స్కేలు పెట్టి మరీ చూపించాను. భుజమ్మీద తమరు, ముఖమ్మీద కెమెరా లైటు, ఆ ఊపులో నా ఏటీఎం పిన్ను అడిగినా చెప్పేసేవాణ్ణి.

ఇక తమరూ గిమరూ నావల్ల కాదు, నువ్వనే అంటాను. ఏమే శాలువా, నువ్వు పడ్డ రోజునే నా మెషీన్‌కి పేటెంట్ రావడానికి ఉండాల్సిన కొత్తదనం పోయిందని నీకు తెలుసా?

సభ అయిన ఆరు నెలలకి పేటెంట్‌కి వేశాను. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై గిండీలో ఉన్న ఆఫీసే దిక్కు. మామూలుగా దరఖాస్తు పెట్టిన 18 నెలలకి అది బయటికి ప్రచురిస్తారు. అయినా ఎవరూ దాని మొహం చూడరు, పరీక్షించమని మనమే విడిగా మళ్లీ అడగాలి, దానికి మళ్లీ ఫీజు. ఊళ్లో పెళ్లికి పిలుపు వేరు, భోజనానికి పిలుపు వేరు అన్నట్టు. చివరికి వచ్చింది మొదటి పరీక్ష నివేదిక. జవాబుకి ఆరు నెలల గడువు. అందులో, ఈ యంత్రం దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిపోయింది, ఇదిగో ఆధారం, అని ఒక యూట్యూబ్ లింకు. నొక్కితే ఎవరు? నేనే. నవ్వుతూ, స్కేలు పట్టుకుని. భుజం మీద నువ్వు, జరీ అంచుతో సహా.

చట్టంలో ఒక సందు ఉందట. కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలో చూపించి, 12 నెలల్లోపు దరఖాస్తు పెడితే కొత్తదనం పోదు. కళ్యాణమండపంలో జరిగిన మన సభని ఏ గెజిట్‌లో వెతకను? పోనీ, సభకి ముందురోజు ప్రొవిజనల్ అని ఒక తాత్కాలిక దరఖాస్తు కాయితం పడేసి ఉంటే తేదీ నాదయ్యేది. పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైము ఉండేది. ఒంటరి మనిషి ఆన్‌లైన్‌లో పెడితే ఫీజు 1,600 రూపాయలు. ఆ రోజు వేదిక మీద పెద్దల మెడలో వేసిన దండలకే అంతకన్నా ఎక్కువ అయ్యుంటుంది. ఆహ్వానపత్రిక మీద పదహారు మంది పేర్లు వేయించారు, "వచ్చేముందు పేటెంట్‌కి వేసుకున్నావా బాబూ" అని అడిగే మనిషి ఒక్కడు లేడు.

నివేదికలో ఇంకో అభ్యంతరం కూడా ఉంది. పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఎఫ్). తెలిసిన పరికరాలనే తెచ్చి పక్కపక్కన పేర్చితే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎవరి పాత పని అవి చేసుకుంటూ ఉంటే, అది ఆవిష్కరణ కాదు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. నా మెషీన్ సంగతేమో గానీ, ఆ రోజు వేదికని ఇంత బాగా వర్ణించినవాళ్లు లేరు.

పేటెంట్ పోతే పోయింది. అది వచ్చినా 20 ఏళ్లపాటు పక్కవాణ్ణి ఆపే హక్కే గానీ, కొనేవాణ్ణి లాక్కొచ్చే హక్కు కాదు. నా అసలు కోపం వేరే. ఆ రోజు నిన్ను స్వహస్తాలతో నాకు కప్పిన ముఖ్య అతిథి ఒక కోల్డ్ స్టోరేజీ ఓనరు. "మన మట్టిలో మాణిక్యం" అన్నాడు. మర్నాడు పొద్దున్నే మాణిక్యం ఆయన ఆఫీసు ముందు కూర్చుంది. పదకొండింటికి లోపలికి పిలిచి, టీ ఇప్పించి, "కూలీల రేటు ఇంకాస్త పెరగనీ, చూద్దాం" అన్నాడు. శాలువా కప్పినవాణ్ణి గట్టిగా బేరమాడలేం, అదే నీ మహత్తు. ఆయన నాకు ఇవ్వాల్సింది ఇచ్చేశానని అనుకున్నాడు. నేనూ తీసుకున్నానని అనుకున్నాను.

చింతకింది మల్లేశం గారి సంగతి చూడు. ఆలేరు దగ్గర శారాజీపేట. పోచంపల్లి పట్టుచీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారం సిద్ధం చెయ్యాలంటే, కొయ్యల చుట్టూ దారం తిప్పుతూ ఒక చీరకి 9 వేల సార్లు చెయ్యి ఆడించాలి. రోజుకి రెండు చీరలంటే 18 వేలు. ఆ పని చేస్తూ వాళ్లమ్మ లక్ష్మి గారికి భుజం పోయింది. భుజం, శాలువా, భుజం! నువ్వు కూర్చునే చోటే. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి 1992లో మొదలుపెట్టి 1999కి మెషీన్ పూర్తి చేశారు. చివరి చిక్కుముడి విడింది కూడా ఏ శిక్షణ తరగతిలోనో కాదు, బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్లి అక్కడ వేరే మెషీన్ కదలిక చూసినప్పుడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. ఇలాంటివాళ్లని ఊరూరా వెతకడానికి నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పుట్టిందే 2000లో. పద్మశ్రీ వచ్చింది 2017లో. అప్పటికే ఆ మెషీన్ వందల నేతగాళ్ల ఇళ్లలో తిరుగుతోంది. నువ్వు ఆయన దగ్గరికి ఆలస్యంగా వెళ్లావు. అదృష్టవంతులు.

ఇంకో తేడా నాకు మా వదిన చెబితే గానీ తట్టలేదు. ఆసు పోసేదీ, చీర నేసేదీ ఒకే ఇల్లు. అమ్మ చెయ్యి ఖాళీ అయితే ఆ ఇంటికే లాభం. మా దగ్గర అలా కాదు. సభకి రానిది మా వదిన ఒక్కతే, పనికెళ్లింది. తర్వాత ఎప్పుడో షెడ్డుకొచ్చి, మెషీన్లోంచి వచ్చిన కాయలు గుప్పెడు తీసి చూసి, "అబ్బాయ్, ముచ్చికే చూశావు గానీ కాయ చూడలేదు. పగులుతున్నాయి. గింజ రాలితే యార్డులో రేటు కోస్తారు" అంది. 11 సన్మానపత్రాల్లో ఎక్కడా లేని వాక్యం. ఆగి, "ఇది వస్తే మా ముఠా ఏం తినాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ దగ్గరే ఉంది. "ఓనర్ల చుట్టూ ఎందుకు తిరుగుతావు? చిన్నది చేసి మా నలుగురికీ ఇయ్యి. కేజీ లెక్క కాంట్రాక్టు మేమే పట్టుకుంటాం. నెలనెలా కడతాం."

నాలుగేళ్లు నేను కస్టమర్ కోసం వేదికల మీద వెతికాను. ఆవిడ మా వంటింట్లోనే ఉంది.

ఇప్పుడు డబ్బా చిన్నది చేశాను, రోలర్లకి మెత్తటి రబ్బరు వేశాను. ట్రయల్‌కి ఒక టిక్కీ, అంటే ఒక బస్తా, తేజ రకం కాయ కావాలి. సరిగ్గా నిన్ననే ఫోను, ఇంకో సంఘం వాళ్లు, వచ్చే ఆదివారం సన్మానం. "శాలువా బదులు ఒక టిక్కీ మిరపకాయలు ఇప్పించండి" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "ఫొటోలో బాగుండదండీ" అన్నారు.

అందుకని నిన్నే బీరువాలోంచి తీస్తున్నాను. కాయలు అప్పు తెచ్చుకుంటాలే. మెషీన్ కింద నిన్ను పరుస్తాను. రాలిన గింజలన్నీ నీ మీద పడతాయి, సాయంత్రం మూట కట్టి తూకం వేస్తుంది మా వదిన. కాస్త ఘాటుగా ఉంటుంది. ఓర్చుకో.

ఇట్లు,
నువ్వు పదకొండోసారి ఎక్కి దిగిన భుజం