హారం తగ్గించండి, ర్యాంకు పెంచుకోండి

సింగపూర్ చదువులు ప్రమాదంలో ఉన్నాయి. ఈ సంగతి అక్కడివాళ్లకు ఇంకా తెలియదు, పాపం. విద్య మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు జీడీపీలో ఎంత శాతం అని చూసే పట్టికలో ఆ దేశం మూడు శాతం దగ్గరే చతికిలబడింది. భూటాన్ దానికి సుమారు రెట్టింపుతో, ఆరు శాతానికి అటూ ఇటూగా, పైన దర్జాగా కూర్చుంది. 1966లో మన చదువుల మీద వేసిన కొఠారి కమిషన్ చెప్పిన ఆరు శాతాన్ని మనం ఇప్పటికీ జపం చేస్తూనే ఉన్నాం. ఎనిమిది లక్షల జనాభా కూడా లేని దేశం దాన్ని చేసి చూపించింది.

ఇంత వెనకబడిన సింగపూర్ పిల్లలు 2022లో పిసా అనే, పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పరీక్షలో లెక్కలు, చదవడం, సైన్సు మూడింటిలోనూ ప్రపంచంలో మొదటి స్థానం ఎలా కొట్టారో విచారణ జరిపించాలి. పట్టిక తప్పయ్యే అవకాశం లేదు కాబట్టి తప్పు పిల్లలదే.

సింగపూర్ విద్యాశాఖ ఏడాది ఖర్చు భూటాన్ మొత్తం జీడీపీకి మూడింతలకు పైనే కదా అని అడిగేవాళ్లుంటారు. ఇలాంటి వాళ్ల వల్లే గణాంకశాస్త్రం చెడిపోతోంది. శాతం అడిగినప్పుడు శాతమే చెప్పాలి, దేంట్లో శాతం అని ఆరా తీయకూడదు.

సింగపూర్‌కు నా సలహా ఒకటే. లవం పెంచాలంటే డబ్బు కావాలి, హారం తగ్గించడానికి పైసా ఖర్చు లేదు. ఓడరేవునీ చాంగీ విమానాశ్రయాన్నీ ఓ ఏడాది మూసేస్తే జీడీపీ కుప్పకూలుతుంది. ఒక్క బడి కట్టకుండా, ఒక్క టీచర్‌ని తీసుకోకుండా విద్యలో భూటాన్‌ని అందుకోవచ్చు.

లేదంటే తల్లిదండ్రులను నిలదీయాలి. 2023 గృహవ్యయ సర్వే ప్రకారం వాళ్లు ట్యూషన్లకు పోసింది 180 కోట్ల సింగపూర్ డాలర్లు. పన్నెండేళ్లకే పీఎస్ఎల్ఈ అనే ప్రైమరీ బడి ముగింపు పరీక్ష, దాన్నిబట్టే హైస్కూలు. 2021లో పాత స్కోరు తీసేసి గ్రేడ్లు పెట్టారు, టెన్షన్ మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. ఇంత సొమ్ము ప్రభుత్వ పద్దులో పడకుండా ట్యూషన్ మాస్టారి జేబులో పడితే దేశం ర్యాంకు ఏం కావాలి? అదే డబ్బు పన్నుగా కట్టి ఉంటే విద్యాభిమానులు అనిపించుకునేవారు.

ఇక భూటాన్. పదో తరగతి దాకా ఉచిత విద్య అని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం. కొండకో ఊరు, ఊరికి కొద్దిమంది పిల్లలు. వాళ్ల కోసం బడి, హాస్టలు, టీచరు, బియ్యం అన్నీ కొండెక్కాలి. శాతం పెరగడంలో ఆ కొండల వాటా తక్కువేం కాదు. ఎత్తు ప్రదేశంలో ఉంటే ర్యాంకు కూడా ఎత్తులో ఉంటుందని నా పరిశోధన.

2019లో టీచర్ల జీతాలు పెంచి, తమ స్థాయి ప్రభుత్వోద్యోగుల్లో వాళ్లనే ముందు వరసలో నిలబెట్టారు. అయినా ఆ తర్వాతి ఏళ్లలో చాలామంది రాజీనామా ఇచ్చి ఆస్ట్రేలియా విమానం ఎక్కారు. పెర్త్‌లో కొందరు వృద్ధాశ్రమాల్లో, కొందరు క్లీనింగ్ పనుల్లో కుదురుకున్నారు. వాళ్ల చదువుకూ శిక్షణకూ అయిన ఖర్చు మాత్రం భూటాన్ శాతంలో భద్రంగా ఉంది. ఆస్ట్రేలియా తన విద్యాఖర్చులో దీన్ని చూపించుకోవడం మర్చిపోయినట్టుంది. థింఫూ నుంచి ఎవరైనా ఒక బిల్లు పంపితే సరిదిద్దుకుంటుంది.