శ్రీ మన్మథ బాణం గారికి, కేరాఫ్ నత్త

బాణం గారూ,

మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన రెండు నత్తలు ఒకదాన్నొకటి చుట్టుకుని కొమ్ములతో నిమురుకుంటున్న వీడియో పెట్టి, "ఇవి మన్మథ బాణాలు వేసుకుంటాయట, ప్రేమంటే ఇదీ" అని రాశాడు. అందరూ హార్ట్ కొట్టారు. నేను కొట్టకపోగా, నాలుగు రోజులు మీ గురించి దొరికిందల్లా చదివి, ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

జతకట్టేటప్పుడు నత్త తన జోడీ ఒంట్లో గుచ్చే సూదిలాంటి సున్నపు ముల్లు మీరు. మీ నివాసం యూరప్ తోటల్లో తిరిగే గోధుమరంగు నత్త, కార్ను ఆస్పర్సమ్. (మా పెరట్లో బొప్పాయి మొక్కలు మేసేసే ఆఫ్రికా నత్తలకి మీరు లేరు, వాటికున్న ఒకే ఒక్క మంచి గుణం అది.) మీ పొడవు సెంటీమీటరుకి కాస్త తక్కువ. మూడు సెంటీమీటర్ల గుల్ల మోసుకు తిరిగే ప్రాణికి అది బాణమా, గునపమా? మా మన్మథుడివి పూల బాణాలండీ, తగిలితే మహా అయితే నిద్ర పట్టదు, అన్నం సయించదు. మీరు ఒక్కోసారి తలలో దిగి అవతలి వైపు తేలతారట. పైగా బాణమని పేరే గానీ ఎగరడమేమీ లేదు, ఒళ్లు ఆనించి కసుక్కున గుచ్చడమే. అదీ మూడింట ఒకసారి తప్పిపోవడమో, సరిగ్గా దిగకపోవడమో. అన్నట్టు తొలి కలయికలో మీరు అసలు ఉండరట, ఆ తర్వాతే మొలుస్తారట. పెళ్లయ్యాక గానీ బుద్ధి బయటపడని బాపతన్నమాట.

మీ ఒళ్లంతా సున్నమే కదా, గుడ్ల కోసం ఇచ్చే చదివింపేమో అని చాలాకాలం మిమ్మల్ని పెద్దమనిషిగా చూశారు పాపం. కెనడాలో మెగిల్ యూనివర్సిటీలో కూనే, చేజ్ అనే ఇద్దరు 1998లో కూర్చుని లెక్క కడితే తేలిందేమిటి? మీలో ఉన్న సున్నం ఇంచుమించు ఒక్క గుడ్డులో ఉన్నంత. ఆ నత్త పెట్టేవేమో పదుల కొద్దీ గుడ్లు! ఈ చదివింపుకి మా ఊళ్లో అయితే భోజనం కూడా పెట్టరు.

అసలు సంగతి మీ ఒంటికి పూసుకొచ్చే జిగురులో ఉంది. నత్త ఒంట్లోకి వచ్చిన వీర్యకణాలకి రెండు దారులు. ఒకటి దాచిపెట్టే గదికి, రెండోది అరిగించేసే సంచికి. అది తన ఇల్లు, తన ఇష్టం కాబట్టి దాదాపు అన్నిటినీ రెండో దారినే తోలేస్తుంది, వెయ్యింటికి ఒకటి మిగిలితే గొప్ప. మీ జిగురు రక్తంలో కలవగానే కండరాలు బిగిసి ఆ రెండో తలుపు మూసుకుపోతుంది. 2006లో అదే చేజ్, ఇంకొకరితో కలిసి, మిమ్మల్ని పక్కనపెట్టి ఆ జిగురు సారాన్ని మామూలు సిరంజితో ఎక్కించి చూశాడు. ఉప్పునీళ్లు ఎక్కించినప్పటితో పోలిస్తే, జిగురు ఎక్కించినప్పుడు జతకట్టిన తండ్రి నత్తకి దక్కిన పిల్లల వాటా రెట్టింపుకి పైనే. అంటే ఇంతకాలం ప్రేమ, విరహం అని మీరు కొట్టిన బిల్డప్ అంతా వట్టిదే, పని చేసింది ఇంజెక్షను.

ఇలా ఒకరి ఒంట్లో తయారై ఇంకొకరి ఒంట్లో అధికారం చేసేదాన్ని అల్లోహార్మోన్ అంటారు. ఎవరు పెట్టారో గానీ తెలుగు తెలిసినవాడే పెట్టినట్టుంది, పేరులోనే అల్లుడున్నాడు. ఈ ఇంట్లో పుట్టడు, ఈ ఇంట్లో పెరగడు, వచ్చీ రాగానే ఏ తలుపు తియ్యాలో ఏది మూయాలో చెబుతాడు!

సొంత హార్మోన్లు ఎంత మర్యాదగా ఉంటాయో చూసి నేర్చుకోండి. లిమ్నియా అనే చెరువు నత్త మెదడులో వందదాకా కణాలు గుడ్లు పెట్టించడం కోసమే ఉంటాయి. నీళ్లు శుభ్రంగా ఉన్నాయని తోస్తే అవి హార్మోన్ వదులుతాయి, అప్పుడు గుడ్లు పెడుతుంది. మా ఇంట్లో అక్వేరియం మొక్కలతో పాటు దిగబడిన నీటినత్తలదీ అదే తంతు. ఆదివారం నేను నడుం పడిపోయేలా నీళ్లు మారుస్తాను, సోమవారం పొద్దున్నే అద్దం మీద సగ్గుబియ్యం పాయసం చుక్కలా జిగురుముద్ద, అందులో గుడ్లు. నా కష్టం వాటి సీమంతానికి. అయినా కోపం రాదు, కనీసం అది వాటి సొంత నిర్ణయం. సరే, ఆ లిమ్నియా కూడా శుద్ధపూస కాదు, అవతలిదాని గుడ్ల సంఖ్య తగ్గించే ప్రోటీన్‌ని వీర్యంలో కలిపి పంపుతుంది. కానీ గునపం తీసుకురాదు కదండీ.

ఇక ఎవరి మీద జాలిపడాలో అదీ తేలదు నాకు. మీ నత్తల్లో ప్రతిదీ ఆడా మగా రెండూనూ, పొడిచినదీ పొడిపించుకున్నదీ ఒకటే. పొడిపించుకున్నవి తక్కువ కాలం బతుకుతున్నాయని, తక్కువ గుడ్లు పెడుతున్నాయని జపాన్‌లో మీ చుట్టాల నత్తల మీద 2015లో తేల్చారు. ఆ సంగతి మా గ్రూపులో పెడితే ఒక్క హార్టూ రాలేదు, ఒకావిడ మాత్రం "మా ఆడపడుచు గుర్తొచ్చింది" అంది.

వాడిన బాణం పోయాక మళ్లీ మొలవడానికి మీకు దాదాపు వారం పడుతుందట. ఆ వారమైనా వాటిని ప్రశాంతంగా తోటకూర తిననివ్వండి.

ఇట్లు,
వెన్నెముక ఉన్న ఒక ప్రాణి