లేచి వెళ్ళిపోతే ప్రశ్న పోతుందా?

ఇంటర్వ్యూ మధ్యలో లేచిపోవడం నాయకుల ఆత్మగౌరవమని ఒక వ్యాసంలో రాశారు, నేను అస్సలు ఒప్పుకోను. 2007లో గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న మోదీ గారు టీవీ విలేకరి కరణ్ థాపర్ ఎదుట కూర్చుని మూడు నిమిషాలు గడిచాయో లేదో, 2002 అల్లర్ల మీద ప్రశ్నలు ఆగకపోయేసరికి మంచినీళ్ళు అడిగి, తాగి, మైకు తీసేసి ఇక చాలన్నారు. ఆ అల్లర్లలో వెయ్యి మందికి పైగా చనిపోయారండీ, అది అడగకుండా ఇంకేం అడుగుతారు? 2020లో ట్రంప్ కూడా అమెరికా టీవీ విలేకరి లెస్లీ స్టాల్ ప్రశ్నలు నచ్చక ఇంటర్వ్యూ సగంలో ఆపేశారు. 1982లో ఇలాగే లేచిపోయిన బ్రిటన్ రక్షణ మంత్రి జాన్ నాట్ సంగతి కొంచెం వేరు, టీవీ విలేకరి రాబిన్ డే ఆయన్ని ఇవాళ ఉండి రేపు పోయే నాయకుడని ముఖం మీదే అన్నాడు, అక్కడ కోపం రావడం నాకు అర్థమవుతుంది. మిగతా ఇద్దరినీ ఎవరూ తిట్టలేదే! ఆ కుర్చీలో విలేకరి కూర్చుని అడిగేది మన తరఫున. జవాబు ఇష్టం లేకపోతే చెప్పనని చెప్పి అక్కడే కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు. ఛానళ్ళు కూడా మళ్ళీ ఇంటర్వ్యూ దొరకదేమోనన్న భయంతో ప్రశ్నలు ముందే పంపించి ఒప్పించుకోవడం మానాలి. ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి మా గుమ్మం దాకా వచ్చేవాళ్ళు ఒక్క విలేకరి ముందు అరగంట కూర్చోలేరా?