సీసా పట్టుకెళ్లండి

మొన్న ఉగాదికి ఇక్కడ దక్షిణాఫ్రికాలో మన తెలుగు సంఘం హాలు గుమ్మం పక్కన ఒక బల్ల వేశారు. కాన్వెంట్ నుంచి, అంటే కథలిక్కు సన్యాసినుల మఠం నుంచి, వచ్చిన సిస్టర్ గారు దాని మీద 40 జామపండు జామ్ సీసాలు, నాలుగు కట్టల కొవ్వొత్తులు సర్దుకున్నారు. సీసా 60 రాండ్లని అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టారు. గుంటూరు వైపు మనిషి, ఇన్నేళ్లయినా యాస పోలేదు. గంట తిరక్కుండానే కార్యవర్గంలో ఒకాయన, మంచి మనసుతోనే, ‘విరాళాలు’ అని రాసిన పెట్టె తెచ్చి సీసాల ముందు పెట్టారు. అక్కణ్ణించి జామ్ ఎవరికీ కనపడలేదు, పెట్టె కనపడింది. ఒక పెద్దమనిషి 200 నోటు అందులో వేసి వెళ్లిపోతుంటే, సిస్టర్ గారు ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో 140 చిల్లర పట్టుకుని భోజనాల వరస దాకా ఆయన వెంట నడిచారు. ‘దానానికి చిల్లరేంటండీ సిస్టర్ గారూ!’ అని ఆయన నవ్వారు. వరసంతా నవ్వింది. సీసా మాత్రం తీసుకోలేదు. సాయంత్రానికి పెట్టె నిండింది, 34 సీసాలు మళ్లీ వ్యానెక్కాయి.

నవ్వినవాళ్లను తప్పుపట్టడం కష్టమే. సన్యాసి అంటే మనకు భిక్ష. సంక్రాంతి నెలలో హరిదాసు గుమ్మంలోకొస్తే ఆ అక్షయపాత్రలో దోసెడు బియ్యం పోసి, ఆయన దీవెన అందుకుని లోపలికొచ్చిన పిల్లలమే అందరం. ఆ బియ్యానికి ఆయన చిల్లర తిరిగివ్వబోతే అమ్మమ్మ గుండె ఆగేది. కథలిక్కుల్లోనూ భిక్ష మీద బతకాలని మొదలైన ఫ్రాన్సిస్ సభల (సన్యాసి సంఘాల) వాళ్లున్నారు. కానీ పడమటి దేశాల మఠాలకు మూలమైన పునీత బెనెడిక్ట్ నియమావళి దారి వేరు. తమ చేతి కష్టంతో బతికినప్పుడే వాళ్లు నిజమైన మఠవాసులని 48వ అధ్యాయం చెబుతుంది. మఠంలో చేసిన వస్తువులను బయటివాళ్ల ధర కన్నా కాస్త తగ్గించి అమ్మాలని 57వ అధ్యాయం. అంటే ఆరో శతాబ్దంలోనే మఠానికి ధరల పట్టిక ఉంది. ఆఫ్రికాలో కాన్వెంట్లన్నీ ఆ నియమావళి కిందివి కావు, కానీ అమ్ముకుని బతకడం నామోషీ కాదన్న పాఠం అందులో ఉంది.

మనం దూరం వెళ్లి చూడక్కర్లేదు. మేరియన్‌హిల్ మఠం డర్బన్‌కు 30 కిలోమీటర్ల లోపే. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు పోయుంటామో, లోపలికి తిరిగినవాళ్లు తక్కువ.

దాన్ని పెట్టిన ఫ్రాంజ్ ఫానర్ ఆస్ట్రియా మనిషి, బోస్నియాలో బాన్యా లూకా దగ్గర ఒక ట్రాపిస్టు మఠాన్ని నిలబెట్టి వచ్చినవాడు. ట్రాపిస్టులంటే బెనెడిక్ట్ నియమావళిని మౌనంతో, కఠినంగా పాటించే సభ. 1880లో ముప్ఫై మంది దాకా మఠవాసులతో తూర్పు కేప్‌లో సండేస్ నది ఒడ్డున డన్‌బ్రోడీలో దిగాడు. నది పక్కనే ఉన్నా నేలకు నీళ్లెక్కలేదు, వానలు మొహం చాటేశాయి. రెండేళ్లకే సామాను కట్టుకుని డర్బన్ ఉన్న నేటాల్ వచ్చి, 1882 డిసెంబరులో పైన్‌టౌన్ దగ్గర కొత్తగా మొదలుపెట్టారు. 1898 నాటికి అక్కడ 285 మంది. ప్రపంచంలో అంత పెద్ద ట్రాపిస్టు మఠం అప్పుడు ఇంకోటి లేదు.

1895లో ఈ మఠం చూడడానికి పాతికేళ్ల లాయరు గాంధీ వెళ్లారు. చూసి వచ్చి లండన్‌లోని శాకాహారుల పత్రికకు రాశారు. 120 మంది దాకా బ్రదర్లు, 60 మంది దాకా సిస్టర్లు. బ్రదర్లకు మాంసం, చేప, గుడ్డు లేవు. తెల్లవారుజామున రెండింటికి లేచి నాలుగు గంటలు ప్రార్థన, ఆరింటికి రొట్టె, కాఫీ. మధ్యాహ్నం రొట్టె, సూపు, పండు. మౌనవ్రతం. ఆ మౌనంలోనే కమ్మరం, వడ్రంగం, తోలు పని, అచ్చు పని. నల్లపిల్లలకు బ్రదర్లు తినే తిండే పెట్టడం ఆయన ప్రత్యేకంగా గమనించారు. ఆ రోజుల్లో నేటాల్‌లో ఆ మాట రాయడం చిన్న విషయమేమీ కాదు.

తర్వాత కథ చెప్పులది. గాంధీ స్నేహితుడు కాలెన్‌బాక్ మేరియన్‌హిల్ వెళ్లి చెప్పులు కుట్టడం నేర్చుకొచ్చాడు, గాంధీ ఆయన దగ్గర నేర్చుకున్నారు, 1910లో జొహానెస్‌బర్గ్ దగ్గర సత్యాగ్రహుల కోసం మొదలైన టాల్‌స్టాయ్ ఫారంలో మిగతావాళ్లకూ నేర్పారు. ఆ ఫారంలో ఆంధ్రదేశం వాళ్లూ ఉన్నారని ఆయనే రాశారు. అంటే ట్రాపిస్టుల పనితనం మన తెలుగువాళ్ల చేతుల్లోకీ వచ్చిందన్నమాట. గాంధీ కుట్టి 1914లో అప్పటి దక్షిణాఫ్రికా మంత్రి జనరల్ స్మట్స్‌కు ఇచ్చిన జోళ్లు ఈ బడిలోవే.

చెప్పు తేలిక పని అనుకునేవాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఉప్పు వేసి దాచిన పచ్చితోలు ముందు ఒకటి రెండు రోజులు నీళ్లలో నానాలి. తర్వాత సున్నపు నీళ్లలో వారం, పది రోజులు, వెంట్రుక వేళ్లతో లాగితే ఊడొచ్చేదాకా. దుంగ మీద పరిచి మొద్దుకత్తితో వెంట్రుక గీకాలి, తిరగేసి కండ గీకాలి. సున్నం పోయేలా కడిగి, పులిసిన తవుడు నీళ్లలో వేస్తే తోలు మెత్తబడుతుంది. అప్పుడు చెక్క కషాయం. మన ఊళ్ల లందల్లో (తోలు ఊనే గుంటల్లో) తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. నేటాల్‌లో దొరికేది వాటిల్ చెక్క. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టు, మన తుమ్మకు దాయాది. కషాయం మొదటి గుంటలో పల్చగా ఉండాలి, గుంట మారేకొద్దీ చిక్కబడాలి. ఇక్కడే తొందరపడేవాళ్లు దెబ్బతింటారు. మొదటే చిక్కటి దాంట్లో దించితే పైపొర బిగుసుకుపోయి రసం లోపలికి దిగదు. పైకి బంగారంలా ఉంటుంది. అంచు కోసి చూస్తే మధ్యలో పాలిపోయిన గీత, లోపలింకా పచ్చిగానే ఉందని గుర్తు. దాంతో కుట్టిన చెప్పు వానకు ఉబ్బి, ఎండకు చిట్లుతుంది. అడుగుకు వేసే మందపాటి తోలుకైతే నెలలు పడుతుంది. ఆ నెలల పొడుగునా గుంటలో ఉన్నది పెట్టుబడే, చేతికి పైసా రాదు. మఠానికి అది కుదిరింది. కూలి అడగని చేతులున్నాయి కాబట్టి, ఆగగలిగారు కాబట్టి.

అలాగని మేరియన్‌హిల్ అంతా కష్టార్జితమేనని చెబితే అబద్ధం. ‘నన్ను మరువకు’ అని అర్థమొచ్చే పువ్వు పేరుతో 1880లలోనే మఠం ఒక జర్మన్ పత్రిక నడిపింది. ఆ పాఠకులు పంపిన డబ్బు లేకపోతే అన్ని పొలాలు, అన్ని శాఖలు సాధ్యమయ్యేవి కావు. పొలం, మర, వడ్రంగిశాల రోజు గడిపాయి. కొత్త నేల కొనడానికి చందాలు కావలసొచ్చాయి. అందుకని మన సంఘంలో చందాల పుస్తకం తీసేయమని ఎవరూ అనడం లేదు.

పని పెరిగితే ఇంకో చిక్కు. రాత్రి రెండింటికి లేచి కీర్తనలు పాడాల్సిన మనిషే దూరపు శాఖలో మర తిప్పాలి, బడి నడపాలి, జూలూలో మాట్లాడాలి. మాట్లాడకుండా బడి ఎలా నడుపుతారు? ట్రాపిస్టు పెద్దలు తనిఖీకి వచ్చారు, 1892లో ఫానర్‌ను పక్కన పెట్టారు, మరుసటేడు ఆయన మఠాధిపతి పదవి వదులుకున్నారు. చివరికి 1909లో రోమ్ మేరియన్‌హిల్‌ను ట్రాపిస్టుల నుంచి విడదీసి వేరే సభ చేసింది. అదే ఏడు ఫానర్ కన్నుమూశారు. ఆయన 1885లో పెట్టిన అమూల్య రక్త సిస్టర్ల సభ కూడా ఇప్పటికీ ఉంది.

నేటి కాన్వెంట్ల పని ఇంకా చిన్నది, ఇంకా ఖచ్చితమైనది. కథలిక్కు చర్చి పూజలో పంచే పల్చటి బిళ్లలు, అప్పాలనే తీసుకోండి. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఇంకేం కలిపినా చర్చి చట్టం ఒప్పుకోదు. కిలో పిండికి లీటరుంబావు నుంచి లీటరున్నర నీళ్లు, ఉండ కట్టకుండా కలిపి జల్లెడ పట్టాలి. తేనెమైనం పల్చగా రాసిన రెండు వేడి పలకల మధ్య పిండి పోసి నొక్కితే ఒకటి రెండు నిమిషాల్లో కాగితమంత పల్చటి రేకు వస్తుంది. దాన్ని వెంటనే కోస్తే అప్పడంలా పగులుతుంది. ఒక రాత్రంతా తేమగదిలో ఉంచి, మెత్తబడ్డాక మూడు సెంటీమీటర్ల బిళ్లలుగా కోసి, విరిగినవి జల్లించి, మళ్లీ ఆరబెట్టి కట్టాలి. తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే పొడి. 2023 కరెంటు కోతలు మనకందరికీ గుర్తే కదా. మధ్యలో కరెంటు పోతే పలక చల్లబడి పిండి అతుక్కుపోతుంది. గీకి, మళ్లీ మైనం రాసి, మళ్లీ వేడెక్కించాలి. అప్పాల ధరలో పిండి వాటా కొంచెమే. మిగతాదంతా కరెంటు, చేతులు. తునకలు మాత్రం ఎప్పుడూ మిగలవు, వంటింటి గుమ్మంలో చేతులు చాచే పిల్లలు ఏ కాన్వెంట్‌లోనైనా ఉంటారు.

జామ్ సంగతీ అంతే. గింజలు వడకట్టిన గుజ్జుకు ఇంచుమించు సమానంగా చక్కెర పడాలి. బాగా తగ్గిస్తే త్వరగా పాడవుతుంది. ‘మాకు షుగరుంది సిస్టర్ గారూ’ అని ఆ రోజు తప్పుకున్నవాళ్లు చాలామంది. వాళ్ల విస్తట్లో బొబ్బట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టలేదు.

ఒక అభ్యంతరం న్యాయమైనది. కూలి లెక్కకట్టని చేతులు తక్కువకు అమ్మితే, అదే పని చేసే ఊరివాళ్లు ఏమవ్వాలి? నర్సాపురం లేసు మనకు తెలుసు. మిషనరీలు నేర్పిన అల్లిక ఖండాలు దాటింది, ఇంట్లో కూర్చుని అల్లిన ఆడవాళ్లకు మాత్రం దక్కింది చిల్లరే. కాబట్టి సిస్టర్ గారు బజారు ధర పెడితే బేరమాడకండి, ‘దేవుడి పని కదా, తగ్గించండి’ అనకండి. 57వ అధ్యాయం అమ్మేవాళ్ల కోసం రాసింది, దాన్ని బేరానికి వాడుకోకూడదు.

కార్యవర్గానికి మా విన్నపం చిన్నదే. వచ్చే ఉగాదికి ఆ పెట్టె బల్ల మీద పెట్టొద్దు. ముగ్గుల పోటీకి, పిల్లల పద్యాల పోటీకి ప్లాస్టిక్ కప్పులు కొని, వేదిక మీద ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడానికి ఖర్చయ్యేదాంట్లో కొంత తీసి సీసాలు కొనొచ్చు. ఇక్కడ జామపండ్లు దిగేది ఏప్రిల్ తర్వాత. ఉగాదికి మనం చూసినవి నిరుడు కట్టినవి. మే నెలలోనే వంద సీసాలకు సగం డబ్బు ముందుగా ఇచ్చి రసీదు తీసుకుంటే, చక్కెర, ఖాళీ సీసాలు ఒకేసారి కొనుక్కుంటారు. ఖాళీ సీసాలు కడిగి తిరిగిస్తే ఇంకా మేలు. బల్ల దగ్గర ఒక కార్డు మెషిన్, పక్కన ఒక వాలంటీరు, గుమ్మం నుంచి కనపడేలా ధరల బోర్డు.

ఆ 34 సీసాలు ఇంకా కాన్వెంట్‌లోనే ఉన్నాయి. సీసా 60 రాండ్లు. 200 నోటు ఇస్తే 140 చిల్లర వస్తుంది, తీసుకోండి.