పాలు శుభ్రమే, పశువు సంగతేమిటి?

పత్తి తీతలు ముగియగానే చేలల్లోకి గొర్రెల మందలు, పాడిపశువులు దిగుతాయి. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో కాపరికి తెలియదు. నాలుగు జీవాలు కాళ్లు కొట్టుకుంటూ పడిపోతే గగ్గోలు. పడిపోనివన్నీ బాగున్నట్టే మన పశుసంవర్ధక వ్యవస్థ లెక్క. ఆ లెక్క ఎందుకు తప్పో కాలేయాన్ని చూస్తే తెలుస్తుంది.

చేలపై కొట్టే క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు సీసాలో ఉన్నప్పటికంటే పశువు కాలేయం చేరాకే ఎక్కువ ప్రమాదకరం. అక్కడి సైటోక్రోమ్ పీ450 ఎంజైములు అందులోని గంధకాన్ని తీసి ఆక్సిజన్‌ను చేరుస్తాయి. అలా పుట్టిన ఆక్సాన్ నరాలకు అవసరమైన ఎసిటైల్‌కోలినెస్టరేజ్ (కోలినెస్టరేజ్) ఎంజైమును పనిచేయనీయదు. చొంగ, వణుకు, ఆయాసం ఇందువల్లే. ఆ ఆక్సాన్‌ను విరగ్గొట్టే పారాక్సొనేజ్ ఎంజైము కూడా కాలేయంలోనే తయారవుతుంది. లేగదూడల్లో అది తక్కువ, పక్షుల్లో దాదాపు శూన్యం. మందు కొట్టిన చేలో కోళ్లు, నెమళ్లు ముందుగా చనిపోవడానికి ఇదొక కారణం.

జోడు మందులు మరీ చేటు. ప్రొఫెనోఫాస్ 40 శాతం, సైపర్‌మెత్రిన్ 4 శాతం కలిపిన మందు మన దుకాణాల్లో బాగా అమ్ముడుపోతుంది. సైపర్‌మెత్రిన్‌ను విడగొట్టే ఎస్టరేజ్ ఎంజైములను ప్రొఫెనోఫాస్ అడ్డుకుంటుంది. పురుగు మీద పనిచేసే ఈ కిటుకే పశువు కాలేయంలోనూ పనిచేస్తుంది. పంటకు కొట్టగా మిగిలిన ఈ మందునే పిడుదుల కోసం గేదె ఒంటికి పూసేవారున్నారు. పశువుల కోసమే తయారైన, మి.లీ.కు 12.5 మి.గ్రా. ఉండే డెల్టామెత్రిన్ ద్రావణం లీటరు నీటికి 2 మి.లీ. చాలు.

చంపేంత మోతాదు కాకపోయినా, పదే పదే అందితే కాలేయ కణాల్లో విషాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ తరిగిపోతుంది, కొవ్వులు ఆక్సీకరణ చెందుతాయి. పీ450 ఎక్కువగా ఉండే కేంద్ర సిర చుట్టుపక్కల కణాలకు ముందు దెబ్బ తగులుతుంది. ఈనిన తొలి వారాల్లో ఆవు కాలేయం ఎలాగూ కొవ్వుతో సతమతమవుతుంది. దానికిది తోడై మేత తగ్గి, పాలు తగ్గితే కీటోసిస్ (శరీరంలో శక్తి చాలక వచ్చే జబ్బు) అనుకుని బెల్లం నీళ్లు పట్టడం సహజం.

పాల పరీక్షలో ఈ మందుల జాడ దొరుకుతుందనుకోవడం భ్రమ. డీడీటీ కొవ్వులో చేరి పాలలోకి వచ్చేది కాబట్టి పట్టుబడేది. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లను కాలేయం త్వరగా మార్చేస్తుంది. పాలు శుభ్రమన్న నివేదిక తాగేవారికి భరోసా, అంతే. 2006లో వరంగల్ జిల్లా పత్తి చేలలో మేసిన గొర్రెలు, మేకలు చనిపోయినప్పుడు వాదనంతా బీటీ పత్తి చుట్టూనే తిరిగింది. నైట్రేట్లు, పురుగుమందుల మాట వచ్చినా మరుగునపడింది.

చేయవలసింది పెద్దదేమీ కాదు. బతికున్న పశువు నుంచి రక్తం గడ్డకట్టనీయని హెపారిన్ గొట్టంలో రక్తం తీసి, మంచులో పెట్టి, కోలినెస్టరేజ్ పరీక్షకు పంపాలి. మందు తగలని ఊరి నుంచి అదే జాతి పశువు రక్తాన్నీ జతచేస్తేనే అంకెకు అర్థం. కాలేయం దెబ్బ తెలుసుకోవడానికి మనుషుల రక్తంలో చూసే ఎంజైము ఏఎల్‌టీ పశువుల్లో పెద్దగా పనికిరాదు. జీజీటీ, జీఎల్‌డీహెచ్ ఎంజైములు చూడాలి. ఏఎస్‌టీ కండరం దెబ్బతిన్నా పెరుగుతుంది. చనిపోయిన పశువు కాలేయం ముక్కను ఫార్మాలిన్‌లో వేసి విషపరీక్షకు పంపడం వృథా. అది సూక్ష్మదర్శినికే. విషపరీక్షకు పొట్టలోని మేత, కాలేయం విడివిడి సీసాల్లో మంచులో వెళ్లాలి. కాలేయంలో విషం కనిపించలేదన్నంత మాత్రాన కేసు మూసేయకూడదు.

చికిత్సకు కిలో బరువుకు 0.2 నుంచి 0.5 మి.గ్రా. అట్రోపిన్. అందులో పావు వంతు సిరలోకి, మిగతాది చర్మం కింద. మించితే నెమరు ఆగి పొట్ట ఉబ్బుతుంది. ఆగిపోయిన ఎంజైమును మళ్లీ పనిచేయించే ప్రాలిడాక్సిమ్ ఆలస్యమైతే ఫలితముండదు. పత్తి, మిరప మండలాల పశువైద్యశాలల్లో ఈ రెండు మందులూ వర్షాకాలం మొదలుకాకముందే నిల్వ ఉంచాలని, జిల్లా పశువ్యాధి నిర్ధారణ కేంద్రాల్లో కోలినెస్టరేజ్ పరీక్షను నిత్య పరీక్షల జాబితాలో చేర్చాలని ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం.