జనం తరఫున సంతకం ఎవరు పెట్టాలి?

సెప్టెంబర్ 17 వచ్చిందంటే మా హైదరాబాద్‌లో రెండు చోట్ల జెండా ఎగురుతుంది. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం, సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం, కొన్నేళ్ళుగా ఇదే వరస. విమోచనం అని కొందరు, విలీనం అని కొందరు, మధ్యలో సమైక్యత అన్నారు, ఇప్పుడు ప్రజాపాలన దినోత్సవం అంటున్నారు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఆ రోజు పొద్దున మొదలైన గొడవ రాత్రికి గానీ చల్లారదు, ఎవరో ఒకరు కోపంతో గ్రూప్ నుంచి వెళ్ళిపోతారు. పేరు ఏదైనా పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. నన్ను చాలా ఏళ్ళుగా తొలుస్తున్నది వేరే ప్రశ్న: అప్పుడు హైదరాబాద్ జనాన్ని ఎవరైనా అడిగారా?

ఒక్క రోజు వెనక్కి వెళ్దాం. 1948 సెప్టెంబర్ 16, ప్యారిస్. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి కూర్చుంది, ఎజెండాలో హైదరాబాద్ ఉంది. అప్పటికే మన సైన్యం సంస్థానంలోకి వచ్చి నాలుగో రోజు. నిజాం తరఫున నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్ వెళ్ళారు, ఇండియా తరఫున రామస్వామి మొదలియార్. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోగానే వాళ్ళ సార్వభౌమాధికారం కూడా పోయింది కాబట్టి హైదరాబాద్ స్వతంత్ర దేశం, దాని మీద దండయాత్ర జరుగుతోంది, కాపాడండి అని నవాబుగారి వాదన. హైదరాబాద్ అసలు దేశమే కాదు, దానికి ఇక్కడ ఫిర్యాదు చేసే అర్హతే లేదు, ఇది మా అంతర్గత వ్యవహారం అని మొదలియార్ గారి వాదన. మర్నాడు నిజాం చేతులెత్తేశారు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఆయన పేరుతో కేబుల్ వెళ్ళింది. మండలి ఏ తీర్మానమూ చేయలేదు. చేయలేదు సరే, ఫైల్ మూసిందా అంటే అదీ లేదు, 'హైదరాబాద్ ప్రశ్న' అనే పేరుతో ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వాళ్ళ ఎజెండా జాబితాలో అలా ఉండిపోయింది.

ఆ హాల్లో ఇద్దరూ చట్టం తెలిసిన పెద్దమనుషులే, ఇద్దరి వాదనలోనూ ఎంతో కొంత పస ఉంది. కానీ సంస్థానంలో అప్పుడున్న కోటీ అరవై లక్షల పైచిలుకు మంది, తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు, వాళ్ళు ఎన్నుకుని పంపిన మనిషి ఒక్కడు కూడా ఆ గదిలో లేడు. తప్పు ఆ ఇద్దరిది అనను. 1947 నాటి ఇండియా స్వాతంత్ర్య చట్టమే అలా ఉంది, బ్రిటిష్ వాళ్ళు పోతూ పోతూ ఎటు చేరాలో తేల్చుకునే పని రాజుల చేతిలో పెట్టి పోయారు, రాజు సంతకం పెడితే చాలు ప్రజలు వచ్చేసినట్టే. గుజరాత్ వైపున్న జునాగఢ్ సంస్థానంలో మాత్రం 1948 ఫిబ్రవరిలో ఓటింగ్ పెట్టారు, లక్షా తొంభై వేల పైన ఓట్లు పడితే పాకిస్తాన్‌కి వచ్చినవి 91. హైదరాబాద్ విషయంలోనూ ప్లెబిసైట్, అంటే జనాన్నే ఓటు అడగడం, ఆ మాట చర్చల్లో నలిగింది గానీ ఓటింగ్ మాత్రం జరగలేదు.

నేను విలీనానికి వ్యతిరేకిని కాను, అది ముందే చెప్పేస్తాను. నిజాం కోరుకున్న స్వాతంత్ర్యం ఆయన సింహాసనానికి, అందులో వెట్టి చేసేవాడికి వాటా లేదు. మా నాయనమ్మది సూర్యాపేట దగ్గర పల్లె, దొర గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని పోయేవాళ్ళమని చెప్పేది. రజాకార్లు వస్తున్నారంటే జొన్న చేలల్లో పడుకున్న రాత్రుల గురించి కూడా. 1946 జులై 4న కడవెండిలో దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన రోజు నుంచే ఆ జనం తమకేం కావాలో చెప్తూనే ఉన్నారు, కాకపోతే ఆ మాట ప్యారిస్ దాకా పోలేదు. "మమ్ముల ఎవలడిగిన్రు బిడ్డా, అడుగుడు గిడుగుడు పెద్దోళ్ళ ముచ్చట" అనేది నాయనమ్మ.

మలక్‌పేటలో మా కింది పోర్షన్‌లో ఒక పెద్దావిడ ఉండేవారు, మేమంతా ఖాలా అనేవాళ్ళం. వాళ్ళది బీదర్ వైపు. 1948లో మన సైన్యం రాకకి పెట్టిన పేరు 'పోలీస్ యాక్షన్', ఆ మాట వస్తే ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు, ఎందుకో మాకు చాలా ఏళ్ళు తెలియదు. సైన్యం వచ్చాక ఆ వైపు జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండని చూసి రమ్మని ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపింది, తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా వేసింది, ఆ రిపోర్టుని దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. భైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన ఊచకోత గురించి మాట్లాడేవాళ్ళు దీని గురించి మాట్లాడరు, దీని గురించి మాట్లాడేవాళ్ళు భైరాన్‌పల్లి పేరెత్తరు. రెండూ మన జనమే కదా. మా ఇంట్లో పైనా కిందా రెండు పోర్షన్లలో ఉన్న ఇద్దరు ముసలివాళ్ళనీ ఎవరూ ఏమీ అడగలేదు.

చివరికి 1952లో ఎన్నికలొచ్చాయి, వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ఓటు. రైతుల సాయుధ పోరాటం ఆగి అప్పటికి కొన్ని నెలలే. నల్లగొండ నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. హైదరాబాద్ జనాన్ని మొదటిసారి నిజంగా అడిగింది అప్పుడే అని నా ఉద్దేశం, అడిగితే వాళ్ళు ఎంత సూటిగా చెప్పారో కూడా చూడండి, సంస్థానం తిరిగి కావాలనలేదు, అలాగని ఢిల్లీ ఏం చేసినా ఓకే అని కూడా అనలేదు.

ఇక అంతర్జాతీయ చట్టం సంగతి. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్‌లో మొదటి ఆర్టికల్‌లోనే ప్రజల స్వయం నిర్ణయం అనే మాట ఉంది, కానీ అప్పటికి అది ఒక ఆశయం లాంటిది, దాన్ని పట్టుకుని ఎవరూ ఏమీ సాధించే పరిస్థితి లేదు. దానికి బలం వచ్చింది 1960 డిసెంబర్ 14న, వలస పాలన అంతం కావాలన్న జనరల్ అసెంబ్లీ 1514వ తీర్మానంతో. అనుకూలంగా 89, వ్యతిరేకంగా సున్నా, తటస్థంగా 9. ఆ తొమ్మిదిలో బ్రిటన్, ఫ్రాన్స్, పోర్చుగల్, బెల్జియం, అమెరికా అన్నీ ఉన్నాయి, అంటే వద్దనే ధైర్యం వాళ్ళకి కూడా లేకపోయింది. ఆ తీర్మానం అమలు చూడటానికి వేసిన కమిటీకి మొదటి అధ్యక్షుడు మన దౌత్యవేత్త సి.ఎస్. ఝా. మర్నాడు వచ్చిన 1541వ తీర్మానం దారులు కూడా చెప్పింది: విడిగా దేశం అవ్వొచ్చు, ఇష్టపూర్వకంగా ఇంకో దేశంతో అనుబంధంగా ఉండొచ్చు, లేదా సమాన హక్కులతో కలిసిపోవచ్చు. ఏ దారైనా సరే అక్కడి జనమే ఎంచుకోవాలి. 1975లో పశ్చిమ సహారా కేసులో ది హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం జడ్జి హార్డీ డిల్లార్డ్ రాసిన మాట నాకు చాలా ఇష్టం, భూమి తలరాత జనం రాయాలి గానీ జనం తలరాత భూమి రాయకూడదని దాని సారాంశం. 1948లో ప్యారిస్‌లో ఈ ఒక్క వాక్యం ఎవరి నోటైనా వచ్చుంటే ఎంత బాగుండేది.

ఇక్కడ మన దేశం గురించి కూడా ఒక మాట. వలస దేశాల కోసం అంత గట్టిగా నిలబడిన ఇండియా, 1979లో మానవ హక్కుల ఒప్పందాల్లో చేరుతూ స్వయం నిర్ణయం గురించిన మొదటి ఆర్టికల్ మీద ఒక షరతు పెట్టింది, ఈ హక్కు విదేశీ పెత్తనం కింద ఉన్న ప్రజలకే గానీ స్వతంత్ర దేశాల్లోపల ఉన్న ఏ వర్గానికీ వర్తించదని. ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ అభ్యంతరం చెప్పాయి. దేశ విభజన చూసిన తరం భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ షరతు ఇక అక్కర్లేదని నేననుకుంటాను, ఎందుకంటే ఈ హక్కు అంటే విడిపోవడం ఒక్కటే కాదు. 1998లో క్విబెక్ రాష్ట్రం విడిపోవచ్చా అన్న విషయంలో కెనడా సుప్రీంకోర్టు ఇదే విడమర్చి చెప్పింది, మామూలుగా ఈ హక్కు దేశం లోపలే తీరుతుంది, ఓటుతో, సొంత ప్రభుత్వంతో, సొంత భాషతో, విడిపోయే దాకా వెళ్ళేది వలస పాలన లాంటి అరుదైన సందర్భాల్లోనే అని. టొరంటోలో ఉన్నవాళ్ళకి ఇది నాకంటే బాగా తెలిసుంటుంది.

తెలంగాణ కథ కూడా నాకు ఇలాగే కనిపిస్తుంది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ ఏం చెప్పిందంటే, హైదరాబాద్ రాష్ట్రాన్ని ప్రస్తుతానికి విడిగా ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి అసెంబ్లీలో మూడింట రెండొంతుల మంది సరేనంటే ఆంధ్రతో కలపండి అని. ఆగలేదు, 1956లోనే కలిపేశారు. ఆ ఐదేళ్ళు ఆగి అడిగి ఉంటే జనం సరే అన్నా కూడా కలిసి ఉండటం వేరేగా ఉండేది, 1969లో అంతమంది విద్యార్థులు తూటాలకి బలయ్యేవాళ్ళు కాదేమో. అలాగే 2014లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లుని తిరస్కరించినా పార్లమెంట్ పాస్ చేసేసింది, ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. తెలంగాణ వచ్చినందుకు మనసారా సంతోషించినవాడిని నేను, అయినా మమ్మల్ని అడిగారా అని అప్పుడు గుంటూరు మిత్రుడు నన్నడిగిన ప్రశ్న న్యాయమైనదే అంటాను. నా వైపు గెలిచినంత మాత్రాన ఆ ప్రశ్న విలువ తగ్గదు.

ఇప్పుడు మారిషస్ వెళ్దాం, అది కూడా మన కథే. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి చెరకు తోటల్లో కూలికి పోయిన తెలుగువాళ్ళ మనవలు, మునిమనవలు అక్కడున్నారు, ఉగాదికి అక్కడ సెలవు ఇస్తారు. 1965లో, అంటే మారిషస్‌కి స్వాతంత్ర్యం రావడానికి మూడేళ్ళ ముందు, బ్రిటన్ ఆ దేశం నుంచి చాగోస్ దీవుల్ని కత్తిరించేసుకుంది, వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం. దీవులిస్తేనే స్వాతంత్ర్యం అన్నట్టు నడిచిన ఆ చర్చలకి ముందు బ్రిటన్ ప్రధాని కార్యదర్శి రాసిన నోట్‌లో, మారిషస్ నాయకుణ్ణి ఆశ చూపి భయపెట్టాలి అని ఉంది. 1960 తీర్మానానికి అప్పటికి ఐదేళ్ళే!

అక్కడున్న జనాన్ని, పదిహేను వందల నుంచి రెండు వేల మందిని, 1973 కల్లా మొత్తం ఖాళీ చేయించారు. వాళ్ళ పెంపుడు కుక్కల్ని పట్టి చంపేశారు. లిస్బీ ఎలిసే అనే ఆవిడ 2018లో అంతర్జాతీయ న్యాయస్థానంలో వీడియో ద్వారా వాంగ్మూలం ఇచ్చారు, చదువు రాదు, తన క్రియోల్ భాషలోనే చెప్పారు. 1973 ఏప్రిల్ 27న నార్డ్‌వేర్ అనే ఓడ ఎక్కించారట, అప్పటికి నాలుగు నెలల గర్భిణి. పశువుల్లా, బానిసల్లా కుక్కి తీసుకెళ్ళారన్నారు. మారిషస్ చేరాక పుట్టిన బిడ్డ దక్కలేదు. నలభై అయిదేళ్ళ తర్వాత ఒక దీవి ఆడమనిషి మాట పదునాలుగు మంది జడ్జీల ముందుకి వచ్చింది. 2019 ఫిబ్రవరి 25న 13 మంది ఒక వైపు, ఒక్కరు ఒక వైపు: దీవుల్ని విడదీయడం ప్రజల నిజమైన, స్వేచ్ఛాయుతమైన ఇష్టంతో జరగలేదు, బ్రిటన్ వీలైనంత త్వరగా ఖాళీ చేయాలి. అదే ఏడాది మే నెలలో జనరల్ అసెంబ్లీలో 116 దేశాలు అవునన్నాయి, ఆరు కాదన్నాయి. మన దేశం మారిషస్ వైపే నిలబడింది, దానికి నాకు గర్వంగా ఉంది.

ఆ తర్వాత జరిగింది చూస్తే మళ్ళీ మనసు పాడవుతుంది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి, దీవులు మారిషస్‌వి, డియెగో గార్సియా మాత్రం బ్రిటన్‌కి 99 ఏళ్ళ లీజు, మిగతా దీవుల్లో చాగోస్ జనాన్ని మారిషస్ తిరిగి స్థిరపరచవచ్చు. ఆ రోజు తెల్లవారుజామున ఇద్దరు చాగోస్ మహిళలు లండన్ హైకోర్టులో తాత్కాలిక స్టే తెచ్చుకున్నారు, తమని సంప్రదించకుండా ఇది ఎలా చేస్తారని, కొన్ని గంటల్లోనే అది ఎత్తేశారు, సాయంత్రం లోపు సంతకాలైపోయాయి. అంటే వలస పాలనని సరిదిద్దే ఒప్పందంలో కూడా, తరిమేసిన మనుషులకి బల్ల దగ్గర కుర్చీ వేయలేదు. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి, 1948 ప్యారిస్‌లో లాగానే. చాలామంది చాగోస్ వాళ్ళు ఇప్పుడు గాట్విక్ ఎయిర్‌పోర్ట్ పక్కన క్రాలీ ఊళ్ళో ఉంటున్నారు, గాట్విక్‌లో ఫ్లైట్ ఎక్కే లండన్ తెలుగువాళ్ళు ఆ ఊరి పక్క దాకా పోతుంటారు.

అమెరికాలో ఉన్నవాళ్ళకి పసిఫిక్‌లో అమెరికా పాలనలో ఉన్న గ్వామ్ దీవిని గుర్తు చేస్తాను. స్వపరిపాలన రాని 17 ప్రాంతాల ఐక్యరాజ్యసమితి జాబితాలో అది ఇప్పటికీ ఉంది, అక్కడ పుట్టినవాళ్ళు అమెరికా పౌరులే, కానీ ఆ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓటు లేదు. కొత్తగా పౌరసత్వం వచ్చి మొదటి ఓటు వేసిన మనవాళ్ళకి ఆ సంగతి ఎలా ఉంటుందో ఊహించగలరు.

విదేశాల్లో ఉన్న మన తెలుగు అసోసియేషన్‌ని నేను అడిగేది ఒకటే. ఈ డిసెంబర్‌లో పిల్లలు సెలవులకి హైదరాబాద్ వచ్చినప్పుడు, 1948ని కళ్ళారా చూసిన పెద్దవాళ్ళ మాటలు రికార్డ్ చేయించండి. అప్పటికి పదేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది, ఆలస్యం చేసే టైమ్ లేదు. ఫోన్ చాలు, స్టూడియో అక్కర్లేదు. పల్లెల్లో తెలుగు ఇళ్ళకి వెళ్ళినట్టే పాతబస్తీలో ఉర్దూ ఇళ్ళకీ వెళ్ళండి, బీదర్, ఉస్మానాబాద్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉంటాయి. ఊరు, తేదీ, ఎవరు వచ్చారు, ఏం చేశారు అన్నవి ముందు అడగమనండి, అభిప్రాయాలు తర్వాత. చెప్పడం ఇష్టం లేనివాళ్ళని వదిలేయమనండి. నాయనమ్మ, ఖాలా ఇద్దరూ ఇప్పుడు లేరు. నగరంలో తీసుకెళ్ళే మనిషి కావాలంటే నేను వస్తాను.